టీకాల గదిలో పదకొండు మంది

పీరా సాబ్‌ను సంగాలదిన్నె ఆసుపత్రిలో అటెండరుగా వేసుకున్నప్పుడు ఆయనకు ముప్పై దాటాయి. అంతకుముందు ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి బోరాలు మోసేవాడు. దూదిపొట్టు పడక దగ్గు పట్టుకుంటే ఆ పని మానేశాడు. సంగాలదిన్నె, ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డుకు మూడు కిలోమీటర్లు లోపల ఉంటుంది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని జనం పీరా సాబ్ ఆసుపత్రి అనే అంటారు. ముప్పై ఒక్క ఏళ్లలో పద్నాలుగు మంది డాక్టర్లు మారారు. కొందరు ఎమ్మిగనూరులో, కొందరు కర్నూలులో కాపురం పెట్టి రోజూ వచ్చిపోయేవాళ్లు. ఊళ్లోనే ఉండి, పొద్దున ఎనిమిదింటికి తాళం తీసేది ఆయనొక్కడే.

చీటీలు రాయడం, వరసలో నిలబెట్టడం, ముసలివాళ్లను ముందు పంపడం, గొడవపడేవాళ్లను సముదాయించడం ఆయన పని. చదువు ఏడో తరగతి. అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. ఎవరింట్లో ఎవరికి ఏ మందు పడదో గుర్తు పెట్టుకుంటాడు. జూన్ నెలాఖరుకు రిటైరు కావాలి. ఆయన భార్య కుల్సుంబీ, రిటైరైనాక కూడా ఈయన పొద్దున్నే పోయి ఆ గేటు దగ్గరే నిలబడతాడని ఆడవాళ్లతో అనేది.

చెప్పుకోవడానికి ఆయన జీవితంలో ఒక్క పని ఉంది. దాన్ని ఆయన ఎప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన చేరిన కొత్తలో ఆసుపత్రికి వెనకవైపు ఒక కిటికీ ఉండేది. ఎస్సీ కాలనీని ఊళ్లో వాళ్లు గేరి అంటారు. గేరి వాళ్లు ముందు తలుపు నుంచి రాకుండా, ఆ కిటికీ కింద నిలబడి జబ్బు చెప్పుకునేవాళ్లు. డాక్టరు లోపలి నుంచే చూసేవాడు, కాంపౌండరు మాత్రలు కాగితంలో చుట్టి వాళ్ల దోసిట్లోకి వదిలేవాడు. అలా చేయమని ఎవరూ రాసి పెట్టలేదు. అది అలా జరిగిపోయేది. ఒకసారి డాక్టరు బదిలీ అయి ఆరు నెలలు ఎవరూ రాలేదు. ఆ ఆరు నెలల్లో పీరా సాబ్ మందుల బీరువాను తెచ్చి ఆ కిటికీకి అడ్డంగా పెట్టాడు. అడిగినవాళ్లకు, అవతలి గోడకు చెదలు పట్టిందని చెప్పాడు. గేరి వాళ్లు వచ్చి కిటికీ కింద నిలబడితే, వెనక్కి పోయి ఒక్కొక్కరినే పిలుచుకుని ముందు తలుపు గుండా తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు. నలుగురైదుగురు పెద్దవాళ్లు లేచిపోయారు. ఏడాది తిరిగేసరికి లేవడం మానేశారు. కొత్త డాక్టరు వచ్చేటప్పటికి అసలు అలాంటి కిటికీ ఒకటి ఉండేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

కిందటేడు హేమ అనే నర్సమ్మ కర్నూలులో శిక్షణకు పోయి వచ్చి, గేటు పక్క గోడకు ఒక కాగితం అంటించింది. జిగురు పూసింది పీరా సాబే. జ్వరంతోపాటు ఒంటి మీద దద్దుర్లు ఉన్నవాళ్లను లోపలికి పంపకూడదని, బయట షెడ్డు కింద వేరుగా కూర్చోబెట్టి వెంటనే సిబ్బందిని పిలవాలని అందులో ఉంది. పీరా సాబ్ చదివాడు. ఆయన మొహం చూసి హేమే వివరించింది. తట్టు గాలిలో పాకుతుందని, బిడ్డ లేచి పోయినా రెండు గంటలపాటు ఆ గదిలో గాలి మంచిది కాదని, అక్కడ పీల్చినవాళ్లకు అంటుకుంటుందని చెప్పింది. ఆయన సరేనన్నాడు. ఆ గోడ మీద ఆయన చాలా కాగితాలు చూశాడు. ఈ కాగితంలో ఆయన కంటికి ఆనింది ఒక్క మాట: బయట.

ఏప్రిల్ మొదటి బుధవారం అంజినమ్మ కొడుకును ఎత్తుకుని వచ్చింది. గేరిలో సగం ఇళ్లవాళ్లు ప్రతి యేడూ జనవరిలో గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోతారు. ఆమె ఆ సుగ్గి నుంచి తిరిగొచ్చి ఐదు రోజులైంది. పిల్లవాడు గణేష్‌కు నాలుగేళ్లు. మూడు రోజులుగా జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి. ముందురోజు సాయంత్రం చెవుల వెనక మొదలైన దద్దుర్లు తెల్లారేసరికి మొహమంతా దిగాయి. అత్త గుమ్మానికి వేపమండలు కట్టింది. నీళ్లు పోసేదాకా బిడ్డను గడప దాటించకూడదంది. అంజినమ్మ వినలేదు. సుగ్గిలో, పక్క గుడిసెలో ఒక బిడ్డ ఇలాగే అయి ఊపిరాడక ఇబ్బంది పడింది. అది చూసి వచ్చింది కాబట్టి అత్తను కాదని బయలుదేరింది.

ఆ పొద్దు పదింటికే రేకుల షెడ్డు పెనంలాగా కాలుతోంది. అంజినమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది.

“తట్టు అనుకుంటాండాను మామా. మేము ఆడనే షెడ్డు కాడ ఉంటాంలే.”

పీరా సాబ్ ఆమెను చూశాడు. గేరి మనిషి, తనంతట తాను, బయటే ఉంటానంటోంది.

“ఎవురన్నా నిన్ను బయట కూసోమన్నారా?” అని అడిగాడు.

“ల్యా మామా, కాగితం మీద ఉండాదంట గదా.”

“కాగితం ఉంటాది. బిడ్డ ఆ రేకుల కింద ఉడికిపోతాడు. రాప్పా, లోపలికి రా.”

ఆసుపత్రిలో ఏసీ ఉన్నది టీకాల గదికొక్కటే. ఎవరో పత్తి వ్యాపారి తల్లి పేరు మీద ఇచ్చాడు. చల్లదనం పోకుండా తలుపు, కిటికీలు మూసే ఉంచుతారు. బుధవారం టీకాల రోజు. గదిలో ఐదుగురు తల్లులు, ఐదుగురు చంటిబిడ్డలు, వాళ్లలో ఒక తల్లికి తోడుగా వచ్చిన అవ్వ ఉన్నారు. పీరా సాబ్ వాళ్లను కొంచెం జరగమని చెప్పి, బెంచీ చివర అంజినమ్మను కూర్చోబెట్టి, పిల్లవాడికి నీళ్లు తెచ్చిచ్చాడు. పిల్లవాడు తాగి దగ్గాడు. హేమ వచ్చేదాకా, అంటే ముప్పావుగంట, వాళ్లు అక్కడే ఉన్నారు.

హేమ తలుపు తీసి పిల్లవాడి మొహం చూసి, ఆ తల్లీబిడ్డలను వెనక వరండాలోకి తీసుకుపోయింది. గది కిటికీలన్నీ తెరిచింది. టీకాలు బయట చెట్టు కింద వేసింది. తర్వాత డాక్టరు రాజశేఖర్ దగ్గరికి పోయింది. పీరా సాబ్ తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు కాబట్టి ఆమె అడిగినవన్నీ విన్నాడు. ఇవాళే పిల్లవాడి రక్తం తీయాలని, గొంతులోంచి దూదిపుల్లతో నమూనా కూడా తీయాలని, దద్దుర్లు వచ్చిన మొదటి రోజుల్లోనైతేనే అందులో రోగం బాగా తెలుస్తుందని అంది. ఫలితం కోసం ఆగకుండా ఇప్పుడే పైకి ఫోను చేయాలంది. ఆ గదిలో కూర్చున్న పదకొండు మంది పేర్లు రాసుకోవాలంది.

డాక్టరు చెడ్డవాడు కాదు. చిన్నవాడు, పై చదువుకు పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాడు. పరీక్షల గది తాళం టెక్నీషియన్ దగ్గరుందని, ఆ టెక్నీషియన్‌కు మూడు ఆసుపత్రుల పని కాబట్టి శనివారం కానీ రాడని చెప్పాడు. రక్తం తీయడానికి టెక్నీషియనే రావాలా, నేను తీస్తానని హేమ అంటే, ట్యూబులు కూడా ఆ గదిలోనే ఉన్నాయన్నాడు. తాళం పగలగొడదామా అని ఆమె అడిగింది. ఆయన నవ్వాడు.

“రిజల్టు రానీ హేమా. అది రాకముందే తట్టు తట్టు అని మనమే చాటింపు వేస్తే, రేపు మీటింగుల్లో నిలబడేది నేను.”

పిల్లవాడికి విటమిన్ ఎ చుక్కలు, జ్వరం మందు ఇచ్చి శనివారం మళ్లీ రమ్మన్నారు. శుక్రవారం పొద్దున హేమ మరోసారి అడిగింది. ఆరు నెలలు దాటిన బిడ్డలకు మూడు రోజుల లోపల టీకా వేస్తే రాకుండా ఆగే అవకాశం ఉందని, ఆ గదిలో ఏడు నెలల బిడ్డ ఒకడున్నాడని చెప్పింది. తొమ్మిది నెలలు నిండని బిడ్డకు పై నుంచి ఆర్డరు లేకుండా వేయలేనని డాక్టరన్నాడు. ఆర్డరు అడగాలంటే కేసు చెప్పాలి. కేసు చెప్పాలంటే రిజల్టు రావాలి.

పీరా సాబ్‌కు అదీ వినబడింది. ఏడు నెలల బిడ్డ ఎవరో ఆయనకు తెలుసు. తన వీధిలోనే, నాలుగిళ్ల అవతల ఉండే ఫర్హానా కొడుకు మోయిన్. ఆమె ఆలూరులో పుట్టింట్లో ఉండిపోయి, ఎప్పుడో వేయించాల్సిన టీకా ఆ బుధవారం వేయించడానికి వచ్చింది. ఆ సాయంత్రం పీరా సాబ్ ఫర్హానా ఇంటి ముందు నుంచే నడిచిపోయాడు. ఆమె గుమ్మంలో బియ్యం ఏరుతూ, బిడ్డను కాళ్ల మీద వేసుకుని ఉంది. సలాం చెప్పింది. ఆదోనికి తీసుకుపోయి చూపించమని ఒక్క మాట అందామనుకున్నాడు. డాక్టరుకు తెలియనిది తనకేం తెలుసు అనుకున్నాడు. ఆ మాట అంటే, ఎందుకని ఆమె అడుగుతుంది. ఎందుకో చెప్పాలి. ఆయన సలాం తీసుకుని పోయాడు.

శనివారం టెక్నీషియన్ వచ్చి రక్తం తీశాడు. గొంతు నమూనా వేయాల్సిన మందునీళ్ల సీసాకు తేదీ దాటిపోయిందని అది తీయలేదు. ఆదివారం సెలవు. సోమవారం రక్తం మంచు డబ్బాలో పెట్టి పంపారు. డాక్టరు ఫారం నింపాడు. ఆసుపత్రిలో ఈ బిడ్డ దగ్గర మసలినవాళ్లు ఎవరు అన్న చోట ‘ఎవరూ లేరు’ అని రాశాడు. ఆ ఫారం మీద ముద్ర వేసింది పీరా సాబ్.

అంజినమ్మ కొడుకు పది రోజుల్లో లేచి తిరిగాడు. ఆ రోజుల్లోనే మోయిన్‌కు జ్వరమొచ్చింది. ఆ బుధవారం నుంచి పద్నాలుగో రోజు మొహం మీద దద్దుర్లు దిగాయి. ముందురోజే కాగితం వచ్చింది, గణేష్‌ది తట్టేనని. అప్పుడు ఆసుపత్రి కదిలింది. జీపులొచ్చాయి, ఇల్లిల్లూ తిరిగారు, పిల్లలందరికీ టీకాలు వేశారు. మోయిన్‌ను ఆదోనికి తీసుకుపోయారు. ఊపిరితిత్తులకు నిమ్ము చేసిందని అక్కడి నుంచి కర్నూలుకు రాశారు. కర్నూలులో నాలుగో రోజు పోయాడు. మోయిన్‌ను ఖననం చేసేటప్పుడు గుంత తవ్వినవాళ్లలో పీరా సాబ్ ఉన్నాడు. చిన్న గుంత. ఇద్దరికి పని లేదు, అయినా ఇద్దరు తవ్వారు.

ఊరు అంజినమ్మ పేరు ఎత్తుకుంది. సుగ్గి నుంచి రోగం మోసుకొచ్చిందన్నారు. బిడ్డకు అమ్మ పోసిందని తెలిసీ ఊరంతా తిప్పిందన్నారు. గేరిలో బోరు దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్లు తమ బిందెలు పక్కకు జరుపుకున్నారు. అంగన్‌వాడీ ఆయా గణేష్‌ను నెలరోజులు తేవద్దని చెప్పింది. అప్పటికి పిల్లవాడికి తగ్గి వారం దాటింది, వాడి వల్ల ఎవరికీ ఏమీ కాదు. ఆ మాట చెప్పడానికి హేమ రెండుసార్లు పోయింది. ఆయా, ఊళ్లోవాళ్లు ఒప్పుకోరమ్మా అంది. ఆదోని ఆటోలవాళ్లు అంజినమ్మను చూసి ఆపడం మానేశారు.

జిల్లా నుంచి విచారణకు ఒక అధికారి వచ్చాడు. నడివయసు మనిషి, తక్కువ మాట్లాడతాడు. ఫారం చూసి, ఈ పిల్లవాడు ఆసుపత్రిలో ఎక్కడ కూర్చున్నాడని అడిగాడు. డాక్టరు, వెనక వరండాలో అన్నాడు. అది అబద్ధం కాదు. ముప్పావుగంట తర్వాత కూర్చున్నది అక్కడే. పీరా సాబ్ టీ గ్లాసులు బల్ల మీద పెట్టి అక్కడే నిలబడిపోయాడు.

“ముందు టీకాల గదిలో కూసోబెట్టినాను సార్. నేనే. ఆయమ్మ బయటుంటానన్యాది. నేనే లోపలికి పిలిచినాను. గదిలో పదకొండు మంది ఉండ్రి. సచ్చిపోయిన బిడ్డ ఆమె పక్కనే ఉన్యాడు.”

అధికారి అందరి పేర్లూ చెప్పించుకుని రాసుకున్నాడు. కూర్చోబెట్టడం తప్పే కానీ, ఆ తప్పును సరిచేయడానికి మూడు రోజుల టైముండిందని, ఆ మూడు రోజులూ ఈ ఆసుపత్రి తాళం చెవి కోసం కూర్చుందని డాక్టరుతో అన్నాడు. డాక్టరు తల వంచుకుని విన్నాడు. నెలలోపల మెమోలు రెండు వచ్చాయి. ఒకటి పీరా సాబ్‌కు, గోడ మీదున్న సూచనను పాటించనందుకు. రెండోది హేమకు, టీకాల గది ఆమె బాధ్యత అయినందుకు. హేమ మెమో చదివి మడిచి సంచిలో పెట్టుకుంది. మీరు చెప్పకపోయినా వచ్చేదే సాబ్ అంది. ఆమె ఆ మాట ఆయన కోసం అన్నదని ఆయనకు తెలుసు.

విచారణ జరిగిన రోజు సాయంత్రమే పీరా సాబ్ ఫర్హానా ఇంటికి పోయాడు. వాళ్లు ఉర్దూలో మాట్లాడుకున్నారు. ఆయన దాచకుండా చెప్పాడు. అంజినమ్మ తప్పేమీ లేదని, తానే పిలిచి పక్కన కూర్చోబెట్టానని, శుక్రవారం సాయంత్రం చెప్పగలిగీ చెప్పలేదని కూడా చెప్పాడు. ఆమె భర్త నీళ్ల మోటార్లు బాగుచేస్తాడు, చేతులు నూనె మరకలతో అలాగే కూర్చున్నాడు.

ఫర్హానా అడిగింది. “ఆ రోజు నా బిడ్డను ముద్దుచేసి పోయినావు చాచా. ఆమెను కూర్చోబెట్టినప్పుడు నా బిడ్డ నీకు కనపడలేదా?”

ఆమె లేచి లోపలికి పోయింది. భర్త ఆయన్ను గుమ్మందాకా సాగనంపాడు, అది మర్యాద కాబట్టి.

ఇది చెబితే అంజినమ్మ మీద పడ్డ మాట తొలగిపోతుందని పీరా సాబ్ అనుకున్నాడు. అందుకని టీ హోటలు దగ్గర, మసీదు దగ్గర, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు. ఊరు ఆయన మాట నమ్మింది. ఆయన అబద్ధమాడడని అందరికీ తెలుసు. కానీ నమ్మినవాళ్లు దాన్నుంచి వేరే అర్థం తీసుకున్నారు. రేషను డీలరు నరసన్న టీ హోటలు దగ్గర పదిమందిలో అన్నాడు.

“సూసినావా సాబూ. ఎవుర్ని యాడ ఉంచాల్నో ఆడ ఉంచాల. మన పెద్దోళ్లు ఊరికే పెట్టల్యా ఆ కిటికీ. నువ్వు మంచితనానికి పోయి లోపలికి పిలిస్తివి. ఏమాయె?”

ఎవరో అవునన్నారు. ఎవరో నవ్వారు. ముప్పై ఏళ్లుగా ఎవరూ ఎత్తని కిటికీ వాళ్లకింకా గుర్తుంది. జ్వరమూ దద్దుర్లూ ఉన్న బిడ్డ ఎవరి బిడ్డయినా, డాక్టరు బిడ్డయినా, షెడ్డు కిందే ఉండాలని, అది కులానికి చెప్పింది కాదని పీరా సాబ్ అన్నాడు. అలాంటప్పుడు నువ్వెందుకు లోపలికి పిలిచినావని నరసన్న అడిగాడు. దానికి జవాబు ఉంది. అది ఆ హోటలు ముందు చెప్పేది కాదు. ఆయన టీ తాగకుండానే లేచాడు.

తర్వాతి వారం గేరి నుంచి మోకాళ్ల నొప్పులకు వచ్చిన ఒక ముసలాయన లోపలికి రాకుండా షెడ్డు కింద కూర్చున్నాడు. పీరా సాబ్ పోయి, ఇది జ్వరాలవాళ్లకు తాతా, నువ్వు లోపలికి రా అన్నాడు. ముసలాయన ఇక్కడ బాగానే ఉందన్నాడు. ఆ వారంలో అలాంటివాళ్లు ఆరుగురు వచ్చారు. వాళ్లను రమ్మనడానికి పోయినప్పుడల్లా లోపల బెంచీ మీదివాళ్లు తననే చూస్తున్నట్టు పీరా సాబ్‌కు తెలిసేది.

మే నెల మధ్యలో అంజినమ్మ బెంగుళూరుకు ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోతోందని విని ఆయన గేరికి పోయాడు. ఆమె గుమ్మం ముందు గిన్నెలు బోరాలో సర్దుతోంది. మొగుడు ముందే పోయాడట. గణేష్ మంచం కోడును గుర్రం చేసుకుని ఆడుతున్నాడు. పీరా సాబ్ వాడి టీకా కార్డు కొత్తది రాయించి తెచ్చాడు. రెండో డోసు ఎప్పుడు వేయించాలో హేమ దాని మీద పెద్ద అక్షరాలతో రాసింది. అంజినమ్మ కార్డు తీసుకుని బియ్యం డబ్బాలో పెట్టింది.

తప్పు తనదేనని ఊళ్లో అందరికీ చెప్పానని ఆయన అన్నాడు.

“తెలుసు మామా. నరసన్న రేషను కాడ అందరికీ సెప్పినాడు.” ఆమె బోరా మూతి తాడుతో బిగించింది. “ముందు నన్నొక్కదాన్నే తిడతాండ్రి. ఇప్పుడు గేరినంతా తిడతాండారు. మా అత్త నాతో మాట్లాడల్యా. అందరినీ బయటికి తోయించినావే అంటాది.”

“నీ తప్పేం ల్యా గదమ్మా.”

“నేను సెప్తి గదా మామా, ఆ పొద్దు. ఆడనే ఉంటానని.”

మళ్లీ ఊరికి వచ్చినప్పుడు నేరుగా లోపలికి రమ్మని అందామనుకున్నాడు. అప్పటికి తాను అక్కడ ఉండడు. బిడ్డకు జ్వరమూ దద్దుర్లూ ఉంటే లోపలికి రావొద్దని కూడా చెప్పాలి. ఆ రెండూ ఒకే నోటితో ఎలా చెప్పాలో తెలియక నిలబడ్డాడు.

అంజినమ్మే అంది. “బయటో లోపలో, మీరంతా ఒక మాటనుకోండి మామా. యాడ కూసోమంటే ఆడ కూసుంటాం.”

ఆదోని స్టేషనుకు పోవడానికి ఆటో వచ్చింది. ఆయన గేరిలో ఉన్నాడని చూసే డ్రైవరు ఆపాడు. పిల్లవాణ్ణి చూసి, తగ్గిందా అని అడిగాడు. తగ్గి నెల దాటిందని, ఇంక ఎవరికీ అంటదని పీరా సాబ్ చెప్పాడు. డ్రైవరు తల ఊపాడు. ముందు సీట్లో ఊరివాళ్లు ఇద్దరున్నారు. అంజినమ్మను, బిడ్డను వెనక సామాన్ల మీద కూర్చోమన్నాడు.